గాలిలో తేలే ఒక్క తుంపరను లేజర్‌తో పట్టుకుని, అందులో ఏముందో చెప్పగలరా?

చెప్పగలరు, బాగా కేంద్రీకరించిన లేజర్ కిరణం కొన్ని మైక్రోమీటర్ల తుంపరను గాలిలోనే నిలబెడుతుంది, దాని నుంచి చెదిరిన కాంతి రసాయన కూర్పును పట్టిస్తుంది.

కాంతికి ద్రవ్యవేగం ఉంటుంది. తుంపరలోంచి వెళ్తూ కిరణం వంగినప్పుడు ఆ తుంపర మీద ప్రతిబలం పడి, దాన్ని కాంతి అత్యంత తీవ్రంగా ఉన్న చోటికి లాగుతుంది. ఆ బలం చాలా స్వల్పం. అయితే 10 మైక్రోమీటర్ల నీటి తుంపర బరువు సుమారు అర నానోగ్రామే కాబట్టి అది చాలు. కాంతితో సూక్ష్మకణాలను పట్టవచ్చని 1970లో చూపిన ఆర్థర్ ఆష్కిన్‌కు 2018లో నోబెల్ వచ్చింది, ఆలస్యంగానే అనాలి.

విశ్లేషణకు ఆధారం 1928లో కలకత్తాలో సి.వి. రామన్ కనిపెట్టిన ప్రభావం. చెదిరిన కాంతిలో అతి కొద్ది భాగం రంగు మారుతుంది. ఎంత మారిందన్నది అణువుల కంపనాలను బట్టి ఉంటుంది కనుక, ఒక్కో పదార్థానికి ఒక్కో ముద్ర ఏర్పడుతుంది.

ఉదాహరణకు, వంటనూనెల్లో ఉండే ఓలియిక్ ఆమ్లాన్ని ఉప్పునీటి తుంపర మీద పూతగా చేర్చి ఓజోన్‌ను పంపితే, ఆమ్లంలోని కార్బన్ జంటబంధాన్ని (రెండు కార్బన్ పరమాణువుల మధ్య ఉండే రెండు పేటల బంధాన్ని) ఓజోన్ తెంచుతున్న కొద్దీ, చెదిరిన కాంతిలో ఆ బంధపు సంకేతం క్రమంగా తగ్గడం కనిపిస్తుంది. సముద్రం మీది గాలిలో జరిగే చర్యకు ఇది చిన్న నమూనా.

లేజర్ వేడికి తుంపర ఆవిరైపోతుందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా వాడే ఆకుపచ్చ కాంతిని నీరు దాదాపు పీల్చుకోదు, కాబట్టి పెద్దగా వేడెక్కదు. మసి కలిసిన తుంపరకైతే ఆ భయం నిజమే.