వాపు ముందా, నీరసం ముందా?

ప్రశ్న: మా అమ్మ వయసు 74. బీపీకి ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు చాలా ఏళ్లుగా వాడుతోంది. మూడు నెలల కిందట దాన్ని 10 చేశారు. ఆ తర్వాత నెలకల్లా రెండు పాదాలూ వాచాయి. పొద్దున తగ్గి ఉంటుంది, సాయంత్రానికి చెప్పులు పట్టవు. నీరు పోయే మాత్ర మొదలుపెట్టాం. వాపు పెద్దగా తగ్గలేదు గానీ, ఇప్పుడు కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఊతం కావాలి. మోకాళ్ల నొప్పికి తరచూ డైక్లోఫెనాక్ వేసుకుంటుంది. కిడ్నీలు పాడయ్యాయేమోనని భయంగా ఉంది. ఏ పరీక్షలు చేయించాలి?

జవాబు: పరీక్షల కంటే ముందు ఒక కాగితం తీసుకోండి. ఏ మందు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పెంచారు, వాపు ఎప్పుడు కనిపించింది, కాళ్లలో సత్తువ ఎప్పుడు తగ్గింది, ఇవన్నీ తేదీల వారీగా రాయండి. మీ ఉత్తరంలోనే ఆ వరుస చాలావరకు ఉంది. ముందు మోతాదు పెరిగింది, తర్వాత వాపు వచ్చింది, ఆ తర్వాత రెండో మాత్ర, చివర నీరసం.

ఆమ్లోడిపిన్ సన్నటి ధమనులను వెడల్పు చేస్తుంది, సిరలను అంతగా చేయదు. వచ్చే రక్తం పెరిగి, పోయే దారి అలాగే ఉండటంతో కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు కణజాలంలోకి ఊరుతుంది. 5 కంటే 10 మిల్లీగ్రాముల దగ్గర ఇది బాగా ఎక్కువ. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కాబట్టి నీరు పోయే మాత్రకు ఇది సరిగా లొంగదు. ఆ మాత్ర మాత్రం తన పని తాను చేసుకుపోతుంది: సోడియం, పొటాషియం తగ్గిస్తుంది. కండరాల్లో బలహీనత, పిక్కలు పట్టేయడం, లేవగానే కళ్లు తిరగడం అలా వస్తాయి. పెద్దవాళ్లలో ఒక మందు తెచ్చిన ఇబ్బందికి ఇంకో మందు వేయడం మనం అనుకునేదానికంటే ఎక్కువే జరుగుతుంది.

డైక్లోఫెనాక్‌నీ వదిలేయకండి. అది కిడ్నీల్లో ఉప్పు, నీరు నిలిచేలా చేస్తుంది, బీపీని పెంచుతుంది. ఆమ్లోడిపిన్ 10కి పెంచాల్సి రావడానికి అదే కారణమేమో డాక్టర్‌ని అడగండి. నీరు పోయే మాత్రతో కలిస్తే కిడ్నీల మీద భారం ఇంకా పెరుగుతుంది. అయితే బీపీ మందు మీకు మీరుగా ఆపకండి. మోతాదు తగ్గించడం, సిరలను కూడా వెడల్పు చేసే రకం మందు జోడించడం, మందే మార్చడం, ఏది సరైనదో చూసి డాక్టర్ నిర్ణయిస్తారు.

మందే కారణమని తేల్చేసుకుని ఊరుకోవడమూ పొరపాటే. చీలమండకు నాలుగు వేళ్ల పైన, కాలి ముందరి ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కిపట్టండి. గుంట పడి నెమ్మదిగా నిండితే నీరు చేరినట్టు. గుంట పడకుండా గట్టిగా ఉంటే థైరాయిడ్, లింఫ్ నాళాల సంగతి చూడాలి. వెల్లకిలా పడుకుంటే ఆయాసం, రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరగడం గుండెను అనుమానించాల్సిన గుర్తులు. పొద్దున కళ్ల చుట్టూ ఉబ్బు, మూత్రంలో తగ్గని నురగ ఉంటే కిడ్నీ. పొట్ట కూడా ఉబ్బితే లివర్. రాత్రంతా పడుకున్నా తగ్గని వాపును తేలిగ్గా తీసుకోకూడదు.

ఇక నీరసం. ఏ పని కష్టమవుతోందో చూడండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి, పక్కన ఒకరు నిలబడాలి. 15 సెకన్లు దాటినా, అసలు లేవలేకపోయినా తొడ, పిరుదు కండరాలు బలహీనపడ్డట్టే. దీని వెనక పొటాషియం, విటమిన్ డి, థైరాయిడ్, స్టెరాయిడ్లు, కొలెస్ట్రాల్ మాత్రలు ఉండొచ్చు. పాదం నేలకు తట్టుకోవడం, చెప్పు జారిపోవడం అయితే నరాల వైపు చూడాలి. షుగర్, బి12 పరీక్షలు అక్కడ పనికొస్తాయి. కొంత దూరం నడిచాక కాళ్లు బరువెక్కి, కూర్చుంటేనో ముందుకు వంగితేనో తేలికపడితే వెన్నెముకలో నాళం ఇరుకైందేమో చూడాలి. ఇవేవీ లేకుండా, వాపు వల్ల కూర్చుండిపోయి, నడక లేక పిక్క కండరం రక్తాన్ని పైకి నెట్టక, వాపు ఇంకా పెరిగే చక్రం కూడా ఉంది. చాలా ఇళ్లలో జరిగేది ఇదే.

మీ అమ్మగారికి ముందు కావలసినవి: క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష), సోడియం, పొటాషియం. ఇవి ఈ వారమే చేయించండి. వాటితోపాటు రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్, హీమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, ఈసీజీ. ఆయాసం ఉంటే ఎకో, అంటే గుండె స్కాన్. కిడ్నీల భయం తీరడానికి క్రియాటినిన్ ఒక్కటే చాలదు, మూత్రం పరీక్ష తప్పనిసరి.

కాళ్లు పీట మీద పెట్టుకోవడం చాలదు, పడుకుని పాదాలు గుండె కంటే ఎత్తులో అరగంట ఉంచాలి. గట్టి సాగుడు మేజోళ్లు కొనే ముందు పాదాల్లో నాడి, చీలమండ దగ్గర బీపీ చూపించండి. ధమనులు మూసుకుపోయిన కాలికి వాటిని తొడిగితే పుండ్లు పడే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మా బాబాయికి ఆపరేషనై పదిరోజులు మంచం మీదే ఉన్నారు. ఇప్పుడు ఎడమ పిక్క ఒక్కటే వాచి నొప్పిగా ఉంది. మర్దనా చేయవచ్చా?

జవాబు: వద్దు. ఉత్తరం రాసి జవాబు కోసం ఆగే విషయం కాదిది, ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒక్క కాలే వాస్తే, అదీ మంచం పట్టాక అయితే, లోపలి సిరలో గడ్డ కట్టిందేమో ముందు చూడాలి. మోకాలి చిప్ప కింద తగిలే ఎముక బుడిపెకు పది సెంటీమీటర్ల దిగువన టేపుతో రెండు పిక్కలూ కొలిస్తే తేడా మూడు సెంటీమీటర్లు దాటడం గట్టి గుర్తు, కానీ తేడా తక్కువైనా అనుమానం పోదు. సిరల్లో రక్తం పారే తీరు చూపే డాప్లర్ స్కాన్ తేలుస్తుంది. గడ్డను అనుమానించినప్పుడు చేసే డి-డైమర్ రక్త పరీక్ష విలువ వయసుతో, ఆపరేషన్‌తో ఎలాగూ పెరుగుతుంది కాబట్టి, ఎక్కువ వచ్చినంత మాత్రాన గడ్డ ఉన్నట్టు కాదు. చర్మం ఎర్రగా వేడిగా ఉండి జ్వరం ఉంటే ఇన్‌ఫెక్షన్ కావచ్చు, మోకాలి వెనక నీటితిత్తి పగిలినా ఇలాగే వాస్తుంది. వీటిని ఇంట్లో విడదీసి చెప్పడం ఎవరివల్లా కాదు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే స్కాన్ కోసం కూడా ఆగకుండా అంబులెన్స్ పిలవండి.