ఎలక్ట్రాన్లు పెరుగుతుంటే పరమాణువు ఎందుకు చిన్నదవుతుంది?

మూలకాల ఆవర్తన పట్టికలో పీరియడ్‌లో, అంటే అడ్డు వరుసలో, ఎడమ నుంచి కుడికి వెళ్లేకొద్దీ ఎలక్ట్రాన్లు పెరుగుతాయి, అయినా పరమాణువు చిన్నదవుతుంది. వింతగా అనిపించినా కారణం తేలికే. సోడియం వ్యాసార్థం దాదాపు 186 పీకోమీటర్లు (పీకోమీటర్ అంటే మీటరులో లక్ష కోట్లవ వంతు), అదే వరుసలోని క్లోరిన్‌ది 99. రెండింటికీ కర్పరాలు (ఎలక్ట్రాన్లు ఉండే పొరలు) మూడే, లోపలి ఎలక్ట్రాన్లు పదే. కానీ కేంద్రకంలో ప్రోటాన్లు 11 నుంచి 17కి పెరిగాయి. కొత్త ఎలక్ట్రాన్లన్నీ ఒకే బయటి కర్పరంలో చేరతాయి కాబట్టి ఒకదానికొకటి పెద్దగా అడ్డురావు. కేంద్రకం లాగుడు మాత్రం గట్టిపడుతుంది.

గ్రూపులో, అంటే నిలువు వరుసలో, కిందికి వెళ్తే మాత్రం ప్రతిసారీ కొత్త కర్పరం చేరుతుంది, సైజు పెరుగుతుంది. ఒకే గ్రూపులో లిథియం 152, సీజియం 265.

అసలు మజా జిర్కోనియం, హాఫ్నియం దగ్గర ఉంది. హాఫ్నియం ఒక మెట్టు కింద ఉన్నా రెండూ దాదాపు 160 పీకోమీటర్లే! మధ్యలో వచ్చే 14 ఎఫ్-ఎలక్ట్రాన్లు (లోపలి కర్పరంలోని ‘ఎఫ్’ అనే ఉపకర్పరంలో చేరేవి) కేంద్రక ఆకర్షణను సరిగా అడ్డుకోలేవు. దీన్నే లాంథనైడ్ సంకోచం అంటారు. రసాయన ధర్మాలు కూడా అచ్చం కలవడంతో జిర్కోనియం ఖనిజాల్లోనే దాగిన హాఫ్నియం 1923 దాకా దొరకలేదు. అణు రియాక్టర్లలో ఇంధన గొట్టాలకు వాడే జిర్కోనియం నుంచి దాన్ని తప్పక వేరుచేయాలి, ఎందుకంటే హాఫ్నియం న్యూట్రాన్లను విపరీతంగా పీల్చుకుంటుంది.

పట్టికల్లో నియాన్ ఫ్లోరిన్ కంటే పెద్దగా కనిపిస్తే కంగారు పడొద్దు. నియాన్ బంధం ఏర్పరచదు కాబట్టి అక్కడ ఇచ్చేది వాన్‌డర్‌వాల్స్ వ్యాసార్థం, అంటే బంధం లేకుండా పక్కపక్కన ఆనుకున్న రెండు పరమాణువుల కేంద్రకాల మధ్య దూరంలో సగం. కొలిచే పద్ధతే వేరు.