ఒక్క గుడ్డముక్క కోసం కొడుకును పని మాన్పిస్తారా?

ప్రశ్న: మా బాబు ఐటీఐ మోటార్ మెకానిక్ పాసై, ఎనిమిది నెలలుగా హనుమకొండలో ఒక షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. మొన్న సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి నింపే యంత్రం) ఉన్న కారు గాలి పైపు విప్పి, తుడిచే గుడ్డ అందులోనే మరిచిపోయాడు. స్టార్ట్ చేయగానే ఆ యంత్రంలో తిరిగే రోటర్లు పాడైనయి. వాడు సరిగా తినడం లేదు. ఈ గ్రీజు పని మాన్పించి హైదరాబాద్‌లో మూడు నెలల ఎలక్ట్రిక్ బండ్ల కోర్సులో వేద్దామనుకుంటున్నాను. రెండింట్లో ఏది నయం?
- ఒక తండ్రి, పరకాల

జవాబు: అన్నా, మీరు అడిగింది కోర్సుల సంగతే అయినా మీ అసలు భయం వేరు. ‘మావాడు ఈ పనికి పనికిరాడేమో’ అని. పనికొస్తాడు. పైపు విప్పగానే మూతికి గుడ్డ కుక్కడం చాలా షెడ్లలో ఉన్న అలవాటే. వాడు చూసిందే చేశాడు.

ఇక నుంచి వాడు మూతికి గుడ్డ కుక్కొద్దు. పైపు ఊడిన మరుక్షణం రెండు మూతులకూ ప్లాస్టిక్ క్యాపులు పెట్టాలి, లోపలికి పోలేనంత పెద్దవి. గాలి ఫిల్టర్ డబ్బా విప్పేముందు పైనున్న దుమ్మును తడిగుడ్డతో తుడవాలి. గాలి కొడితే అదే దుమ్ము లోపలికి పోతుంది. విప్పిన బోల్టులు, వాషర్లు లెక్కపెట్టి ట్రేలో వేయాలి. అల్యూమినియం, రాగి వాషర్లు అయస్కాంతానికి అంటవు కాబట్టి లెక్కే దిక్కు. బిగించాక, బెల్టు ఎక్కించకముందే సూపర్‌చార్జర్ పుల్లీని చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పాలి. ఎక్కడైనా పట్టేసినా, గీసుకున్న చప్పుడొచ్చినా స్టార్ట్ చేయొద్దు. రోటర్ల మధ్య సందు మిల్లీమీటరులో కొద్ది భాగమే. చిన్న రాయి చాలు పైపూత లేచిపోవడానికి.

ఫిల్టర్ వదిలేసి ఉత్త జాలీ పెట్టేవాళ్లూ ఉన్నారు. జాలీ రాళ్లను ఆపుతుంది, దుమ్మును ఆపదు. దాని తీగ తెగితే నేరుగా రోటర్లలోకే పోతుంది. నూనె రాసే కాటన్ ఫిల్టరైతే కడిగి నీడన ఆరబెట్టాలి, నూనె పలచగా రాయాలి. ఎక్కువైతే గాలిని కొలిచే సెన్సార్‌కు అంటుకుని లెక్క తప్పుతుంది. ఏ ఫిల్టర్ వేసినా, కొన్నాళ్లకు దాని తర్వాతి పైపు లోపల తెల్లగుడ్డతో తుడిచి చూడమనండి. దుమ్ము అంటితే సీలు సరిగా కూర్చోలేదన్నట్టు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి వచ్చే రోజుల్లో గాలిలో తేలే నూగు, కరీంనగర్ క్వారీల గ్రానైట్ పొడి, భూపాలపల్లి దారిలో బొగ్గు దుమ్ము ఉన్న మన దగ్గర ఈ పని తెలిసినవాడికి గిరాకీ తగ్గదు. సూపర్‌చార్జర్ ఉన్న కార్లు ఇక్కడ తక్కువే, నిజం. కానీ ఇప్పటి డీజిల్ కార్లలో దాదాపు అన్నింటికీ టర్బో ఉంటుంది, అదీ ఇంజిన్‌లోకి గాలిని ఒత్తేదే, కాకపోతే పొగ ఊపుతో తిరుగుతుంది. దాని చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటుతుంది, దానికీ ఇవే జాగ్రత్తలు.

ఇక ఆ మూడు నెలల కోర్సు. ఎలక్ట్రిక్ బండ్లు వద్దనడం లేదు, నా అనుమానమంతా ఆ కోర్సు మీదే. కారు బ్యాటరీలో వందల వోల్టులుంటాయి. బ్యాటరీ కరెంటును తెంచే సర్వీస్ ప్లగ్ తీసి, కరెంటు దాచుకునే కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగి, మీటరుతో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఇది తెరమీద బొమ్మలు చూస్తే రాదు. ఫీజు కట్టేముందు ‘పిల్లలు నిజమైన బ్యాటరీ ప్యాక్ మీద ఎన్ని గంటలు పనిచేస్తారు?’ అని అడగండి. సూటిగా చెప్పకపోతే తిరిగి రండి.

ఒకమాట గట్టిగానే అంటాను, ఏమనుకోవద్దు. గుడ్డ మరిచిపోయినవాణ్ని అక్కడికి తోలితే అదే మరపుతో కరెంటు దగ్గర నిలబడతాడు. అప్పుడు పోయేది రోటర్లు కాదు. ‘గ్రీజు పని’ అని ఇంట్లో చిన్నచూపు చూడటం ముందు మీరు మానండి. వాడు తిండి మానేసింది రోటర్ల కోసమేనా, మీ ముఖం చూసి కూడానా? ఐటీఐ ఉంది కాబట్టి పెద్ద సర్వీస్ సెంటర్‌లో అప్రెంటిస్‌గా ఏడాది చేయించండి, స్టైపెండ్ కూడా ఇస్తారు. ఎలక్ట్రిక్ ఆ తర్వాత నేర్చుకోవచ్చు.

ఈలోగా వాణ్ని షెడ్డుకు పంపండి. ఆ రోటర్లు మార్చేటప్పుడు పక్కనే ఉంచుకొమ్మని మేస్త్రిని అడగండి. ఇంటర్‌కూలర్ (ఒత్తిన వేడి గాలిని చల్లార్చే భాగం) కూడా విప్పి కడగమనండి. గీసుకుపోయిన అల్యూమినియం పొడి అందులోనే దాక్కుంటుంది, వదిలేస్తే కొత్త రోటర్లు బాగానే ఉన్నా సిలిండర్లు గీతలు పడతాయి.