బీఎస్సీ బీఎడ్డా, డీఎల్‌ఎడ్డా? మా పర్లాకిమిడి సైడ్ పిల్లలకి నేను చెప్పేది

తమ్ముడూ, ప్లస్ టూ సైన్స్ అయింది, గవర్నమెంట్ టీచర్ అవ్వాలనుంది, బీఎస్సీ చేసి బీఎడ్ చెయ్యాలా, డీఎల్‌ఎడ్ (చిన్న క్లాసుల టీచర్లు చేసే రెండేళ్ళ డిప్లొమా) చెయ్యాలా, లేకపోతే డిగ్రీ, బీఎడ్ కలిపి ఉండే నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్‌కి వెళ్ళాలా అని అడిగావు. ఊరు కాశీనగర్ దగ్గర అని కూడా రాశావు, అందుకే రాస్తున్నా, లేకపోతే ఈ కెరీర్ ప్రశ్నల జోలికి నేను రాను. నేనూ అదే, ఒడిశాలో ఆంధ్రా బోర్డర్ మీదున్న గజపతి జిల్లాలోనే ఒక ప్రైమరీ స్కూల్లో చెప్తున్నా. డీఎల్‌ఎడ్ చేసినదాన్నే, మా ఒడిశాలో దాన్ని ఇప్పటికీ సగం మంది సీటీ అనే అంటారు.

డిగ్రీ పేరు తర్వాత చూద్దువుగాని, ముందు ఏ క్లాసు పిల్లలకి చెప్పాలనుందో తేల్చుకో. ఒకటి నుంచి ఐదు అయితే డీఎల్‌ఎడ్, ఇంకో మాట లేదు. 2018లో టీచర్ అర్హతల రూల్స్ పెట్టే ఎన్‌సీటీఈ వాళ్ళు బీఎడ్ ఉన్నా చిన్న క్లాసులకి తీసుకోవచ్చు, చేరాక ఆరు నెలల బ్రిడ్జ్ కోర్సు చేస్తే సరిపోతుంది అన్నారు, దాంతో ఊళ్ళో ప్రతీవాళ్ళూ బీఎడ్ ఒక్కటుంటే ఒకటి నుంచి పది దాకా ఎక్కడైనా దూరిపోవచ్చు అనుకుని ఎగబడ్డారు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ప్రైమరీకి బీఎడ్ చెల్లదనేసింది. అయినా ఇంకా మా వీధిలో బీఎడ్ పెద్దది కాబట్టి చిన్నదానికి పనికిరాకుండా ఎలా పోతుంది అని వాదించీవాళ్ళు ఉన్నారు. ఆరు నుంచి ఎనిమిదికి డిగ్రీతో బీఎడ్ అయినా డీఎల్‌ఎడ్ అయినా పనికొస్తుంది, ఓటెట్ అని ఒడిశా టీచర్ అర్హత పరీక్ష, దాంట్లో పేపర్ టూ పాసవ్వాలి. తొమ్మిది, పది అంటే డిగ్రీ, బీఎడ్, ఆపైన హైస్కూలు టీచర్లకి పెట్టే అర్హత పరీక్ష ఓఎస్‌ఎస్‌టెట్. అంతే సంగతి, ఇది ఎవరైనా చెప్తారు.

ఎవరూ చెప్పనిది ఇంకోటుంది. మనవాళ్ళకి చిన్న క్లాసులంటే లోకువ. నాకు పెళ్ళి సంబంధాలు చూసీటప్పుడు అమ్మాయి టీచరు అనగానే ఏ సబ్జెక్టు అని అడిగీవారు, ఒకటో తరగతి అంటే ఓహో అలాగా అని మాట మార్చీసేవారు. ఒకటో తరగతిలో కూర్చుని చూస్తే తెలుస్తుంది. మా క్లాసులో ఒక బెంచీ ఇంట్లో తెలుగు మాట్లాడతారు, ఒక బెంచీ ఒడియా, వెనకాల కొండమీంచి వచ్చే సవర పిల్లలు. పుస్తకం ఒడియా. జూన్‌లో నేను అసలు పుస్తకమే తియ్యను. చింతపిక్కలు నేలమీద పోసి, గుప్పెడు తియ్యమంటా, ఎవరి గుప్పిట్లో ఎక్కువొచ్చాయో వాళ్ళలో వాళ్ళే కొట్టుకుని లెక్కపెట్టుకుంటారు, ముగ్గురూ మూడు భాషల్లో లెక్కపెట్టినా పిక్కలు అవే కదా. పదిదాకా వచ్చాక అప్పుడు బోర్డుమీద అంకె రాస్తా. ఇది ఎవరు నేర్పారు? డీఎల్‌ఎడ్‌లోనే నేర్పారు, ఇంటర్న్‌షిప్‌లో ఒక ముసలి మేడమ్ పక్కన కూర్చోబెట్టి నేర్పారు. బీఎడ్‌లో హైస్కూలు లెసన్ ప్లాన్లు రాయిస్తారు, రంగు స్కెచ్ పెన్నులతో. జీతం విషయం మాత్రం దాచను, జూనియర్ టీచర్ స్కీమాటిక్ అని పేరుపెట్టి కొన్నేళ్ళు ఫిక్స్‌డ్ జీతం మీదే తిప్పుతారు, ఆ ఏళ్ళు ఇంట్లో ఎవరో ఒకరి సంపాదన ఉండాలి.

సరే, మనలాంటివాళ్ళకి అసలు గండం డిగ్రీ దగ్గర లేదు, ఒడియా దగ్గర ఉంది. నువ్వు తెలుగు మీడియమా ఒడియా మీడియమా రాయలేదు. ఒడిశాలో గవర్నమెంట్ ఉద్యోగానికి పది ఒడియాతో పాసై ఉండాలి, అది లేకపోతే కనీసం ఏడో తరగతి ఒడియా ఒక భాషగా చదివి పాసై ఉండాలి, అదీ లేకపోతే ఎం.ఈ. స్టాండర్డ్ (అంటే ఏడో తరగతి స్థాయి) ఒడియా పరీక్ష రాసి ఆ సర్టిఫికెట్ పెట్టుకోవాలి. చూడ్డానికి చిన్న విషయం. నోటిఫికేషన్‌లో ఎక్కడో లోపల ఒక లైన్లో ఉంటుంది, ఎవరూ చదవరు.

మా చెల్లి హైస్కూల్లో టీజీటీ అనే టీచర్ పోస్టుకి సెలక్ట్ అయినప్పుడు వెరిఫికేషన్‌కి భువనేశ్వర్‌కి నేనూ తోడెళ్ళాను. రాజ్యరాణి రైలు దిగి తిన్నగా ఆ ఆఫీసుకే పోయాం. వరండా నిండా జనం, ప్రతీవాళ్ళ చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, ఒరిజినల్స్ ఒక పక్క, అటెస్టెడ్ జెరాక్సులు ఒక పక్క. మా ముందు గుణుపూర్ కుర్రాడు ఒకడున్నాడు, తెలుగోడే, మాటల్లో పడ్డాక తెలిసింది, మార్కులు మా చెల్లికంటే చాలా ఎక్కువ, మ్యాథ్స్ ఆనర్స్. వాడి వంతొచ్చింది. టేబుల్ దగ్గరున్న పెద్దాయన ఒక్కొక్క కాగితం చూసి టిక్కు పెట్టుకుంటూ వచ్చి పదో తరగతి మార్కుల లిస్టు దగ్గర ఆగాడు. పది పార్వతీపురంలో మేనమామ ఇంట్లో ఉండి చదివాడట, ఆంధ్రా బోర్డు. ఒడియా ఎక్కడ చదివావు అని ఒడియాలో అడిగాడాయన. కుర్రాడు గడగడా ఒడియాలో సమాధానం చెప్పాడు, నిజం చెప్తున్నా, మా స్కూల్లో హెడ్‌మాస్టరు కూడా అంత చక్కగా మాట్లాడడు. ఆయన నవ్వి, నీకు ఒడియా రాదని నేననట్లేదు బాబూ, వచ్చని కాగితం ఏదీ అన్నాడు.

అప్పుడు మొదలైంది వాడి అవస్థ. పక్కకి జరిగి అమ్మకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టేశాడు కంగారులో, మా అందరికీ వినిపిస్తోంది. ఏడో తరగతి టీసీ వెతకమంటున్నాడు. ఆకుపచ్చ ట్రంకుపెట్టె తీసావా, అడుగున చూడమ్మా, అది కాదు అది చెల్లి బారసాల ఫొటోలు, దానికింద చూడు, కరెంటు బిల్లులు కాదమ్మా. చివరికి టీసీ దొరికింది, దొరికాక ఆవిడ చదివి వినిపించింది, ఏడోది తెలుగు మీడియం స్కూలు, ఒడియా లేదు. పోనీ ఇప్పుడు వెళ్ళి ఆ టెస్టు రాసుకొస్తానంటే అప్లికేషన్ లాస్ట్ డేట్ నాటికి సర్టిఫికెట్ ఉండాలట. అయిపోయింది. ఫోల్డర్ జిప్పు వేసుకుని వెళ్ళిపోయాడు. మా చెల్లి పది కూడా మహేంద్రతనయ అవతల పాతపట్నంలోనే చదివింది, కానీ దాని యూపీ స్కూల్ హెడ్‌మాస్టరు మా నాన్నతో పట్టుబట్టి, పది ఎక్కడైనా చదివించుకోండి, ఏడు మాత్రం ఇక్కడ ఒడియాతో పాసవ్వనీండి అన్నాడు. ఆయన చలవే ఆ టిక్కు.

అసలు ఈ కాగితాల గోల చూస్తే నాకు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొస్తారు. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో టీచరుగా చేరినప్పుడు ఆయనకి డిగ్రీయే లేదు, మెట్రిక్ మీద చేరి పిల్లలకి చెప్తూనే ప్రైవేటుగా చదివి తర్వాత బీఏ చేశారు. సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకుని పుస్తకాలు రాశారు. ఆయన ఇప్పుడు ఉద్యోగానికి వస్తే ఆ టేబుల్ దగ్గరే వెనక్కి పంపీస్తారు.

ఆంధ్రాకి పోతాను అంటావేమో. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేసేసరికి మా ఊళ్ళో అందరి కళ్ళూ అటే తిరిగాయి. ఏరు దాటితే పాతపట్నం కదా, మనదీ తెలుగే కదా అని. కానీ అక్కడ లోకల్ అంటే పది పాసయ్యేనాటికి వరసగా నాలుగేళ్ళు ఆ ఏరియాలో చదివుండాలి. నువ్వు కాశీనగర్‌లో చదివితే శ్రీకాకుళం జిల్లాకి నాన్ లోకల్. పోస్టుల్లో 80 శాతం లోకల్స్‌కే, మిగతా 20లో రాష్ట్రం మొత్తంతో పోటీ, అందులో లోకల్స్ కూడా ఉంటారు. ఇటు చూస్తే ఒడియా కాగితం లేదంటారు, అటు చూస్తే లోకల్ కాదంటారు, 1936లో ఒడిశాని విడదీసినప్పుడు ఎవరో గీసిన గీత మన నెత్తిమీద పడింది. ఒడిశాలో తెలుగు టీచర్ పోస్టులు అసలు లేవా అంటే ఉన్నాయి, వేసినప్పుడు చేతివేళ్ళమీద లెక్కపెట్టేన్ని వేస్తారు, దాన్ని నమ్ముకుని డిగ్రీ ఎంచుకోకు.

ఇంకో రోగం బోర్డర్ ఏజెంట్లు. ప్లస్ త్రీ, అంటే డిగ్రీ, రిజల్ట్స్ వచ్చీసరికి వీళ్ళు బస్టాండ్‌లో టీ తాగుతూ దొరుకుతారు. బీఎడ్ సీటు ఇప్పిస్తాం, క్లాసుకి రానక్కర్లేదు, పరీక్షకొస్తే చాలు, అటెండెన్స్ కాలేజీ వాళ్ళు చూసుకుంటారు అంటారు, దానికో రేటు. మా పిన్ని కొడుకు అలాగే చేశాడు. సర్టిఫికెట్ నిజమైనదే. తర్వాత ఒక ప్రైవేట్ స్కూల్లో చేరాడు, మొదటి వారం కిరణజన్య సంయోగక్రియ చెప్పమంటే పీరియడ్ అంతా పిల్లలకి వీపు చూపించి బోర్డు నింపాడు, తిరిగి చూసీసరికి వెనక బెంచీలు ఖాళీ. రెండేళ్ళ బీఎడ్‌లో పిల్లల ముందు నిలబడడం తప్ప ఇంకేముంటుందయ్యా, అదే మానేస్తే!

అందుకే నన్నడిగితే నాలుగేళ్ళ ఇంటిగ్రేటెడే మంచిది, సీటొస్తే. బీఎస్సీ మూడు, బీఎడ్ రెండు, అయిదేళ్ళ బదులు నాలుగేళ్ళు. దీన్నిప్పుడు ఐటెప్ అంటున్నారు, దానికి జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ వాళ్ళు పెట్టే ఎన్‌సీఈటీ అనే ఎంట్రన్స్ రాయాలి, 2023 నుంచి పెడుతున్నారు, 13 భాషల్లో ఉంటుంది, తెలుగూ ఉంది ఒడియా ఉంది. భువనేశ్వర్ ఆర్‌ఐఈ (ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళ టీచర్ ట్రైనింగ్ కాలేజీ) మనకి దగ్గర, 1963 నుంచీ ఉన్న సంస్థ, క్యాంపస్‌లోనే సొంత స్కూలు ఉంది, ట్రైనీలు అక్కడే పాఠాలు చెప్పి నేర్చుకుంటారు. 2020 ఎడ్యుకేషన్ పాలసీ కూడా 2030 నాటికి టీచరుకి కనీస అర్హత ఈ నాలుగేళ్ళ కోర్సే అంటోంది. అంటుంది, జరుగుతుందో లేదో మనం చూద్దాం, కానీ గాలి అటే ఉంది.

అది రాకపోతే మామూలు ప్లస్ త్రీ, పర్లాకిమిడి ఎస్‌కేసీజీ కాలేజీలో చేసినా బరంపురంలో చేసినా ఫర్వాలేదు, సబ్జెక్టుల కాంబినేషన్ చూసుకో. ఒడిశాలో సైన్స్ టీజీటీ పీసీఎం (ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్), సీబీజెడ్ (కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ) అని రెండు ముక్కలు. బోటనీ ఆనర్స్ తీసుకుని, ఈజీగా మార్కులొస్తాయని ఎలక్టివ్‌లో ఇంకేదో పెట్టుకుంటే తర్వాత ఏడ్చి లాభం లేదు, జువాలజీ, కెమిస్ట్రీ పక్కన ఉండాలి. కేంద్రీయ విద్యాలయాల 2022 నోటిఫికేషన్‌లో టీజీటీ సైన్స్‌కి బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ మూడూ అడిగారు. ఆంధ్రాలో 2023-24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్ పెట్టారు, కాబట్టి పాతపట్నం, టెక్కలి సైడ్ కాలేజీలో చేరాలనుకుంటే ఆ మేజరు, మైనరు ఒడిశా నోటిఫికేషన్‌కి సరిపోతాయో లేదో ముందే పాత నోటిఫికేషన్ డౌన్‌లోడ్ చేసుకుని పక్కన పెట్టుకుని చూడు, కాలేజీ వాళ్ళని అడక్కు, వాళ్ళకి సీటు నిండితే చాలు.

నీది మ్యాథ్సా బయాలజీయా రాయలేదు. మ్యాథ్స్ అయితే కళ్ళు మూసుకుని ఎన్‌సీఈటీ ఫారం నింపు. బయాలజీ అయితే, చిన్నపిల్లలంటే విసుగు లేకపోతే, డీఎల్‌ఎడ్ కూడా అప్లై చేసి పెట్టుకో, ఒకటి పోయినా ఒకటి ఉంటుంది. ఏడో తరగతి ఏ మీడియంలో చదివావో కూడా చెప్పు, ఆ ఎం.ఈ. టెస్ట్ మా స్కూల్లో ఈ మధ్యే ఒకావిడ రాసింది, ఎలా అప్లై చేసిందో కనుక్కుని రాస్తా.