మీ పీఈటీ సారు మోకాలి గురించి అడిగావా?

అమ్మా,

నీ వ్యాసం వాట్సాప్‌లో వచ్చిన రోజే చదివాను, నిన్న మళ్ళీ ప్రింట్ తీయించుకుని పెన్సిల్ పట్టుకుని చదివాను. మీ పీఈటీ సారంటే నీకెంత ప్రేమో ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. అయినా మొదటి మూడు పేజీలు తీసెయ్. కాలేజీలో వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, లాంగ్ జంప్ నాలుగింట్లోనూ ఉన్నారు, ఇన్ని కప్పులు, ఇన్ని సర్టిఫికెట్లు అంటూ వరసపెట్టి రాసుకుంటూ పోయావు. అవి ఆయన బీరువాలో ఉంటాయి. చదివేవాళ్ళకు ఆయన కనబడాలి కదా.

నేను ఆగిపోయింది ఐదో పేజీలో. సారు తారకరామ స్టేడియం మెట్లు పక్కకు తిరిగి దిగుతారని ఒక్క వాక్యం రాసి, వెంటనే ఇంకో కప్పు దగ్గరికి వెళ్ళిపోయావు. పక్కకు తిరిగి ఎందుకు దిగుతారు? ఏ మోకాలు? ఏ ఆటలో పోయింది, పుత్తూరు కట్టు కట్టించారా, ఆ తర్వాత ఆడారా, ఆడలేకే పీఈటీ అవ్వడానికి చదివే బీపీఈడీ కోర్సులో చేరారా? అడిగావా అసలు?

ఈ తప్పు నేనూ చేశాను. చిత్తూరులో మా డ్రిల్లు మాస్టారి గురించి ఇరవై రెండేళ్ళప్పుడు రాశాను, చిరుతలా దూకేవారు, పిడుగులా కొట్టేవారు అని. ఆయన వరండాలో కూర్చుని మొత్తం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "అంతా బాగుంది నాయనా, కోర్టు ఎవరు గీసిందీ రాయలేదే" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆ వాలీబాల్ కోర్టు సున్నంతో గీసింది ఆయనే, రోజూ తెల్లవారుజామున. తాడు రెండో కొస పట్టుకుని నిలబడింది నేను!

వాలీబాల్ కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9. ముందు వెడల్పు వైపు తాడు లాగి రెండు మేకులు కొట్టేవారు. ఒక మేకు నుంచి పొడవు వైపు 12 మీటర్లు కొలిచి అక్కడ నన్ను నిలబెట్టి, అవతలి మేకు దగ్గర్నుంచి నా దాకా టేపు పట్టేవారు. సరిగ్గా 15 వస్తేనే మూల కుదిరినట్టు. బెత్తెడు తేడా వచ్చినా మేకు పీకి మళ్ళీ మొదటికి రావాల్సిందే. లెక్కల క్లాసులో పైథాగరస్ సిద్ధాంతం వచ్చినప్పుడు నాకు టెన్షనే లేదు, దాని మీద సున్నం పోసి వచ్చినవాణ్ణి కదా. ఇదంతా తెలిసి కూడా పిడుగుల గురించి రాశాను చూడు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇంకో మాట. నాలుగు ఆటలు వచ్చని రాస్తే చాలదు, ఒక ఆట ఇంకో ఆటకు ఎలా పనికొచ్చిందో చూపించు. లాంగ్ జంప్‌లో ఎగిరే ముందు, ఆఖరి అడుగుకు ముందుది పొడుగ్గా, ఆఖరిది పొట్టిగా పడుతుంది. వాలీబాల్‌లో ఎగిరి బంతిని నెట్ అవతలికి బలంగా దించే స్పైక్ కొట్టే పిల్లకాయలకూ కావాల్సింది ఆ అడుగులే, దూకడం నేర్చినవాడికి అది చెప్పడం సులువు. నిన్ను ఆరో తరగతిలో, పాకాల బస్సు కోసం సంచీ వేసుకుని జనం మధ్య తప్పించుకుంటూ పరిగెత్తుతుంటే చూసి ఖోఖోలోకి తీసుకున్నారని ఫోన్‌లో చెప్పావు. అది వ్యాసంలో లేనే లేదు! ఒక్క ఆటే తెలిసినవాడు నీ వేగం చూసి వంద మీటర్లకు పంపేవాడేమో. ఈయన నువ్వు ఒళ్ళు తిప్పే తీరు చూశారు. నా లెక్కన నీ వ్యాసం మొదలవ్వాల్సింది ఆ బస్టాండులోనే.

తేదీలు కూడా చూసుకో. 1991లో ఇంటర్ కాలేజీ ఫైనల్ మొదటి సెట్ 25-23తో గెలిచారని రాశావు. అప్పుడు సెట్టుకు 15 పాయింట్లే, ఐదో సెట్టులో తప్ప సర్వీస్ చేసే జట్టుకే పాయింటు వచ్చేది. 25 పాయింట్ల పద్ధతి 1999 ప్రాంతంలో వచ్చింది. ఆ రోజుల్లో ఆడినవాళ్ళు ఈ అంకె దగ్గరే కాగితం పక్కన పెట్టేస్తారు. తిరుపతి జిల్లా జట్టు అన్నావు, ఈ జిల్లా ఏర్పడిందే 2022 ఏప్రిల్‌లో. అప్పుడు మనదంతా చిత్తూరు జిల్లానే.

ఆయన మాటలు కూడా పుస్తకాల్లో మాటల్లా రాశావు. "కృషితో నాస్తి దుర్భిక్షం" అని ఏ పీఈటీ సారూ గ్రౌండ్‌లో అరవడు. "ఏం పాపా, కాళ్ళు నేలకు అతుక్కున్నాయా?" అంటాడు. నీ చెవుల్లో ఆయన గొంతు ఉంది, దాన్నే రాయి. పరీక్షలు దగ్గర పడగానే గేమ్స్ పీరియడ్ లాగేసుకుంటారే, అప్పుడు హెడ్మాస్టర్ గదిలోకి వెళ్ళి ఆయన ఏం మాట్లాడేవారో కనుక్కో.

ఈ ఆదివారం ఐదున్నరకల్లా గ్రౌండ్‌కి వెళ్ళు. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి ఆయన ముందు కూర్చోకు, అలా కూర్చుంటే మళ్ళీ కప్పుల గురించే చెబుతారు. తాడు రెండో కొస నువ్వు పట్టుకో, కోర్టు గీయడం అయ్యేదాకా ఏమీ అడగకు. పని అయ్యాక కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నప్పుడు మోకాలి సంగతి అడుగు. సున్నానికి చేతులు మండుతాయి, చిన్న కొబ్బరినూనె సీసా ఒకటి తీసుకెళ్ళు, ఇద్దరికీ సరిపోయేలా.