పాఠకుల ప్రశ్నలు: బోస్నియాలో డ్రవార్ అనే ఊరు

ప్ర: టిటోను పట్టుకోవడానికి జర్మన్లు పారాచూట్లతో దిగిన ఊరేది? ఆయన ఎలా తప్పించుకున్నారు?
— ఒక పాఠకుడు, సీతమ్మధార, విశాఖపట్నం

జ: టిటో అంటే రెండో ప్రపంచయుద్ధంలో యుగోస్లావియాలో జర్మన్లపై పోరాడిన గెరిల్లాల (పార్టిజాన్ల) నాయకుడు. ఆ ఊరు డ్రవార్. పశ్చిమ బోస్నియాలో ఉనాత్స్ నది ఒడ్డున, అడవుల మధ్య కలప మీద బతికే చిన్న మునిసిపాలిటీ. 1944 మే 25 పొద్దున్నే విమానాలు బాంబులు వేశాయి. వెంటనే దాదాపు 650 మంది నాజీ ఎస్ఎస్ సైనికులు పారాచూట్లు, గ్లైడర్లతో దిగారు. మిగతా దళాలు చుట్టుపక్కల నుంచి రోడ్ల మీద వచ్చి వాళ్లను కలవాలన్నది పథకం. టిటో నిజంగా ఎక్కడున్నారో తెలియకపోవడమే దాన్ని దెబ్బతీసింది. ఆయన నది అవతల కొండ గుహలో ఉంటే, జర్మన్ల ప్రధాన గురి ఊళ్లోని శ్మశానం దిక్కున ఉంది. పొరపాటు తెలిసి గుహ వైపు తిరిగేలోగా పార్టిజాన్ల అధికారుల శిక్షణ పాఠశాల విద్యార్థులు వాళ్లను అడ్డుకున్నారు, సాయానికి మరిన్ని దళాలూ చేరుకున్నాయి. టిటో కొండపైకి ఎక్కి బయటపడ్డారు. జూన్ మొదటివారంలో విమానంలో ఇటలీలోని బారికి, అక్కడి నుంచి విస్ దీవికి చేరారు. జర్మన్లకు టిటో దొరకలేదు, ఆయన యూనిఫాం దొరికింది. దాన్ని వియన్నాలో ప్రదర్శనకు పెట్టారు.

ప్ర: డ్రవార్‌లో జూలై 27ను ఒకరు పండగ అంటారు, ఇంకొకరు విషాదం అంటారు. ఎందుకని?
— ఒక విద్యార్థిని, భీమిలి

జ: నాజీల అండతో క్రొయేషియా, బోస్నియాలను ఏలిన ఉస్తాషా అనే క్రొయేట్ ఫాసిస్టుల ప్రభుత్వం సెర్బులను చంపుతున్న రోజుల్లో, 1941 జూలై 27న డ్రవార్ తిరగబడింది. అదే రోజు ఆ దగ్గర్లోనే తిరుగుబాటుదారుల చేతిలో తీర్థయాత్ర నుంచి తిరిగివస్తున్న క్రొయేట్ పౌరులూ, వాళ్ల మతగురువూ చనిపోయారు. రెండూ నిజమే. ఒకదాన్నే చెప్పే చరిత్ర సగం చరిత్ర.

ప్ర: మా ఊళ్లు ఉక్కు ఫ్యాక్టరీకి పోయాయి, మాకు ఆర్-కార్డులు (నిర్వాసితులకిచ్చిన పునరావాస కార్డులు) మిగిలాయి. బోస్నియాలో యుద్ధంలో పోయిన ఇళ్లను తిరిగి ఇచ్చారట. అదెలా జరిగింది?
— నిర్వాసిత కుటుంబం, గాజువాక

జ: రెండూ ఒకటి కావు. మీ భూమి సేకరణ చట్టం కింద, పరిహారం లెక్కన పోయింది. అక్కడ ఇళ్లు తుపాకీ భయంతో ఖాళీ అయ్యాయి. అందుకే 1992-95 బోస్నియా యుద్ధాన్ని ముగించిన డేటన్ ఒప్పందంలోని ఏడో అనుబంధం పరిహారంతో సరిపెట్టకుండా, ఎవరి ఇల్లు వాళ్లకు తిరిగి దక్కే హక్కునే రాసింది.

1991లో డ్రవార్ జనాభా సుమారు 17 వేలు, దాదాపు అంతా సెర్బులే. 1995 సెప్టెంబరులో క్రొయేట్ సైన్యం వస్తే వాళ్లు పారిపోయారు. ఖాళీ ఇళ్లలో వేరేచోట్ల నిలువ నీడ కోల్పోయిన క్రొయేట్లు చేరారు. తిరిగి రావాలనుకున్నవాళ్లు మునిసిపల్ గృహ కార్యాలయంలో దరఖాస్తు పెట్టాల్సి ఉండేది. యాజమాన్యం, పాత నివాసం రికార్డుల్లో తేలితే ఉత్తర్వు వచ్చేది. ఇంట్లో ఉన్నవాళ్లకు వేరే నీడ ఉంటే 15 రోజులు, లేకపోతే 90 రోజులు గడువు ఇచ్చేవారు. గడువు దాటితే పోలీసుల సమక్షంలో ఖాళీ చేయించాల్సి ఉండేది. దేశం మొత్తమ్మీద సుమారు 2 లక్షల దరఖాస్తులు ఇలాగే నడిచాయి.

చిక్కంతా అమలులోనే వచ్చింది. కార్యాలయం నడిపేది తరచూ ఇళ్లలో ఉన్నవాళ్ల పక్షమే కాబట్టి ఫైళ్లు కదలలేదు. అందుకే దరఖాస్తు వచ్చిన వరసలోనే తేల్చాలన్న నియమం తర్వాత తెచ్చారు. వెళ్లేవాళ్లు కిటికీలు, వైర్లు, నల్లాలు ఊడదీసుకుపోయిన ఇళ్లు ఎన్నో. డ్రవార్‌లో 1998 ఏప్రిల్‌లో, తిరిగొచ్చిన వృద్ధ దంపతులను చంపేశారు. కొద్దిరోజులకే అల్లర్లు చెలరేగి, సెర్బుల ఇళ్లు తగలబడ్డాయి.

మా అభిప్రాయంలో ఈ చట్టం గొప్పది, కానీ అది ఇంటి తాళం ఇప్పించిందే తప్ప జీతం ఇప్పించలేదు. పని లేని చోట పిల్లలున్న కుటుంబం ఎలా నిలబడుతుంది? చాలామంది ఇల్లు చేతికి రాగానే అమ్ముకుని, అప్పటికే కుదురుకున్న ఊళ్లోనే ఉండిపోయారు. 2013 జనగణనలో డ్రవార్‌లో తేలినవాళ్లు 7,036 మంది. మీ పోరాటానికి ఇందులో పనికొచ్చేది ఒకటే: స్థలంతోపాటు ఉపాధినీ ఉత్తర్వులో రాయించుకోవాలి.

ప్ర: టిటో ఉన్న ఆ గుహ చూడటానికి వెళ్లొచ్చా? జాగ్రత్తలేంటి?
— ఒక పాఠకుడు, మధురవాడ

జ: వెళ్లొచ్చు. డబ్బు కన్వర్టిబుల్ మార్కుల్లో, ఒక యూరోకు 1.95583 చొప్పున స్థిర మారకం. అన్నిటికన్నా ముఖ్యం మందుపాతరలు. బోస్నియా కొండల్లో ఇంకా ఉన్నాయి. పుర్రె గుర్తున్న ఎర్ర బోర్డు కనిపిస్తే అటు వెళ్లకూడదని తెలుస్తుంది, కానీ బోర్డు లేదని ధైర్యపడొద్దు. అవి ఊడిపోతాయి, వరదలకూ కొండచరియలకూ పాతరలే చోటు మారతాయి. తారు రోడ్డు, జనం రోజూ నడిచే దారి దాటొద్దు. పాడుబడ్డ ఇళ్లు, ఎవరూ దున్నని తోటలు, పాత కందకాల దగ్గరికి అసలే వెళ్లొద్దు. అనుమానం వస్తే ఉన్నచోటే ఆగి, వెంట ఉన్నవాళ్లను కేకేసి ఆపండి. పౌర రక్షణకు 121, పోలీసులకు 122 నంబర్లకు ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా కదలొద్దు.