కామిక్స్ చదవనివాళ్లకు 2011 సూపర్‌హీరో సినిమా 'కెప్టెన్ అమెరికా' ఎక్కుతుందా?

గుంటూరు మిర్చి యార్డు నుంచి రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చే, కామిక్స్ చదవని తన నాన్నగారికి ఈ సినిమా చూపించొచ్చా అని ఒకరు అడిగారు. నిక్షేపంగా చూపించండి. నిడివి 124 నిమిషాలు, తొమ్మిదిన్నరకు పెడితే పదకొండున్నర దాటగానే అయిపోతుంది. ఒక్కటే తిరకాసు: మొదట మంచులో విమానం దొరికేది ఈ కాలంలో, ఆ వెంటనే కథ 1942కి వెళ్తుంది. అది ముందే చెప్పండి.

మొదటి గంటే బలం. సైనిక శిక్షణలో ఉత్తుత్తి గ్రెనేడ్ పడగానే మిగతావాళ్లంతా పరుగో పరుగు. ఇంకా బక్కోడిగానే ఉన్న హీరో మాత్రం దాన్ని పొట్టకింద పెట్టుకుని ముడుచుకుంటాడు. ఆ సన్నటి ఒళ్లు చాలాచోట్ల హీరో వేషం వేసిన క్రిస్ ఇవాన్స్‌నే కంప్యూటర్‌లో కుదించింది. తర్వాత శత్రు స్థావరాల మీద దాడులు గబగబా చుట్టేశారు, నాన్నగారు అక్కడ కునుకు తీసినా నష్టం లేదు. విలన్‌కి ముఖం ఎరుపే, పస తక్కువ. పేర్లు పూర్తయ్యేదాకా లేవకండి, తర్వాతి సినిమా 'అవెంజర్స్' తునక ఉంది.